అలుగు నుంచి సైఫన్ దాకా: వనపర్తి సీమలో నీటి నిల్వ నిర్మాణం

కృష్ణకు ఎడమ గట్టున పరుచుకున్న వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలకూ, కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డగా పేరుపడిన గద్వాల సీమకూ పెద్ద నదులు పక్కనే ఉన్నా, ఆ నీరు పొలాలకు ఎక్కడం మాత్రం ఇటీవలి సంగతి. నదులు లోతున పారగా, మెట్టన ఉన్న ఎర్రనేలలూ రాతి నేలలూ వానాకాలపు కొద్దిపాటి వర్షం మీదనే ఆధారపడ్డాయి. అందువల్ల నిజాముకు పేష్కష్ చెల్లించి తమ సీమలను ఏలుకున్న గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలుపేట సంస్థానాల చరిత్రలో కోటలకూ గుళ్లకూ ఉన్నంత చోటు చెరువులకూ ఉంది. శ్రీరంగాపురంలో రంగనాథస్వామి ఆలయాన్ని ఆనుకొని ఉన్న రంగసముద్రం, కానాయపల్లి శంకరసముద్రం, జటప్రోలు సంస్థానపు కొల్లాపురం రాజుల ఏలుబడిలోని సింగోటం శ్రీవారి సముద్రం, నాగర్‌కర్నూల్ కేసరిసముద్రం వంటి పేర్లలో చెరువును సముద్రమని పిలిచిన తీరే నీటికి ఆ సీమ ఇచ్చిన విలువను చెబుతుంది.

నీటిని నిలిపే విద్య అనగానే కట్ట ఎత్తూ మందమూ మనసుకు తడతాయి గాని, నిల్వ చేసే ఏ నిర్మాణానికైనా అసలు పరీక్ష అది నిండిన తరువాతనే మొదలవుతుంది. పట్టగలిగినంత పట్టాక ఇంకా వచ్చి చేరే దానికి దారి ఎక్కడ, ఆ దారి గుండా పోయినది చివరికి ఎవరి మీద పడుతుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు లేని నిల్వ, దాని గోడ ఎంత గట్టిదైనా, క్షేమమైనది కాదు. ఈ విషయాన్ని మట్టి చెరువు నుంచి నేటి కర్మాగారాల ఉక్కు ట్యాంకు దాకా ఒకే సూత్రంగా చూపగల కట్టడం వనపర్తి జిల్లాలో, మదనాపురం మండలం శంకరంపేట దగ్గర ఉంది. అది సరళాసాగర్.

దాని కొత్తదనం తెలియాలంటే పాత చెరువు నిర్మాణాన్ని ముందుగా గమనించాలి. చెరువుకు ముఖ్యమైన అంగాలు మూడు: నీటిని ఆపే మట్టి కట్ట, పొలాలకు నీరు వదిలే తూము, మిగులు నీటిని బయటికి పంపే అలుగు. అలుగును కట్ట తలకన్నా తగ్గులో, సాధారణంగా కట్ట చివర గట్టినేల ఉన్న చోట రాతితో కడతారు. చెరువు నిండగానే నీరు దాని మీదుగా పొర్లి వాగులో కలిసి దిగువ చెరువుకు చేరుతుంది. ఇందులో తెరిచేదీ మూసేదీ ఏమీ లేదు. తూముల్ని చూసుకుంటూ పొలాలకు నీళ్లు పంచే నీరటి నిద్రపోతున్నా అలుగు తన పని తాను చేస్తుంది. శతాబ్దాల పాటు ఆ చెరువులు నిలవడానికి ఈ నిరాడంబరమైన ఏర్పాటే ముఖ్య కారణమని చెప్పవచ్చు, ఎందుకంటే మట్టి కట్టకు నీటి బరువుకన్నా తన మీదుగా పొర్లే నీరే పెద్ద ముప్పు. ఒక్కసారి కట్ట తల మీదుగా ప్రవాహం మొదలైతే వెనుక వాలు కోసుకుపోయి గండి పడడానికి ఎంతోసేపు పట్టదు.

అయితే అలుగుకు ఒక పరిమితి ఉంది. దాని మీద నీరు ఎంత ఎత్తున పొర్లితే ప్రవాహం అంత పెరుగుతుంది కాబట్టి, ఎక్కువ నీరు పోవాలంటే ముందుగా చెరువులో మట్టం బాగా పెరిగి తీరాలి. ఒక మీటరు వెడల్పు గల అలుగు మీద 30 సెంటీమీటర్ల ఎత్తున నీరు పారితే సెకనుకు సుమారు 0.28 ఘనమీటర్లు మాత్రమే బయటికి పోతాయి. అదే వెడల్పులో 7 ఘనమీటర్లు పోవాలంటే నీరు రెండున్నర మీటర్లకు పైగా లేవాలి. అంత ఎత్తు పెరగనివ్వాలంటే కట్టను ఇంకా పైకి కట్టాలి, ఎగువన మునిగే శిఖం భూమి పెరగడాన్ని ఒప్పుకోవాలి, లేదా అలుగునే వందల మీటర్ల పొడవున పరచాలి. ఈ మూడూ ఖర్చుతో కూడినవే. తలుపులు బిగిస్తే ఈ చిక్కు తీరుతుంది గాని, అప్పుడు వరద వచ్చిన రాత్రి వాటిని ఎత్తే మనిషీ, ఎత్తే యంత్రమూ రెండూ సిద్ధంగా ఉండాలి.

వనపర్తి సంస్థానపు చివరి రాజు రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరున, ఇతర చెరువులకు భిన్నమైన పద్ధతిలో ఒక జలాశయం నిర్మించాలని సంకల్పించారు. 1923లో పుట్టిన ఆయనకు అప్పటికి నిండా 30 ఏళ్లు లేవు. తరువాతి కాలంలో దౌత్యవేత్తగానూ, 1957 నుంచి 1977 వరకు మహబూబ్‌నగర్ ప్రాంతం నుంచి లోక్‌సభ సభ్యుడిగానూ ఆయన దేశానికి తెలిశారు. సరళాసాగర్‌కు 1949 సెప్టెంబర్ 15న శంకుస్థాపన చేసింది రాజు కాదు, పోలీసు చర్య అనంతరం హైదరాబాద్ రాష్ట్రానికి సైనిక గవర్నర్‌గా ఉన్న జనరల్ జె.ఎన్.చౌధురి. జాగీర్ల రద్దు నిబంధన వెలువడింది ఆ ఏడాది ఆగస్టు 15న, అంటే సరిగ్గా ఒక నెల ముందు. సంస్థానం ఆలోచించిన పనిని కొత్త ప్రభుత్వం చేతికి తీసుకొని పూర్తి చేసిన ఈ సంధికాలపు లక్షణం ఆ కట్టడానికి ఉన్న చారిత్రక విలువల్లో ఒకటి, దాన్ని ఇంజనీరింగ్ వింతగా మాత్రమే చెప్పుకొనేవారు తరచూ మరిచిపోయేది కూడా. సుమారు 35 లక్షల రూపాయల ఖర్చుతో, పదేళ్లకు పనులు ముగిశాక, 1959 జూలై 26న ఆంధ్రప్రదేశ్ మంత్రి జె.వి.నర్సింగరావు దానిని ప్రారంభించారు. నిల్వ సామర్థ్యం సుమారు అర టీఎంసీ, అంటే 1,400 కోట్ల లీటర్లకు పైమాట. కుడి, ఎడమ కాలువల కింద ఆయకట్టు నాలుగు వేల ఎకరాలకు కొంచెం పైన.

ఈ జలాశయానికి అలుగు బదులు కాంక్రీటు సైఫన్లు అమర్చారు. కిరసనాయిలు పీపాలోంచి రబ్బరు గొట్టం ద్వారా నోటితో ఒక్కసారి పీల్చి వదిలితే నూనె అంచు ఎక్కి దిగి దానంతటదే కారుతూ ఉండడం పల్లెల్లో అందరూ చూసినదే. సైఫన్ అదే సూత్రం, పీల్చే పని మాత్రం ఇక్కడ నీరే చేసుకుంటుంది. తలకిందులైన యు ఆకారంలో ఉండే ఈ మార్గానికి ఒక మూతి జలాశయంలో నీటి మట్టం కింద మునిగి ఉంటుంది, రెండవది కట్ట వెనుక బాగా దిగువన ఉంటుంది, నడుమ ఉన్న మెట్టను కాంక్రీటు గొడుగు కప్పి ఉంచుతుంది. జలాశయం నిండి నీరు ఆ మెట్టను కొద్దిగా దాటగానే పలుచని ధారగా జారుతూ గొడుగు కింద చిక్కుకున్న గాలిని తనతో లాక్కుపోతుంది. గాలి వెలితి పడిన కొద్దీ లోపలి పీడనం బయటి వాతావరణ పీడనం కన్నా తగ్గి, జలాశయపు నీరు పైకి నెట్టబడి, చివరికి గొట్టమంతా నిండుగా పారుతుంది. నీటి మట్టం తగ్గి, గొడుగుకు అమర్చిన గాలి రంధ్రం బయటపడగానే గాలి లోపలికి చొరబడి ప్రవాహం తెగిపోతుంది. సరళాసాగర్‌లో ఇటువంటి ప్రధాన సైఫన్లు 17 ఉండగా, ప్రవాహాన్ని అందుకొనేందుకు తోడ్పడే ప్రైమింగ్ సైఫన్లు మరో 4 ఉన్నాయి. మనిషి చెయ్యి వేయనక్కరలేదు, కరెంటు అక్కరలేదు.

లాభం అంకెల్లో స్పష్టంగా కనిపిస్తుంది. అలుగు మీద ప్రవాహాన్ని నడిపించేది దానిపై లేచిన కొద్దిపాటి నీటి ఎత్తు మాత్రమే. సైఫన్‌లోనో, జలాశయ మట్టానికీ బయటి మూతికీ మధ్య ఉన్న మొత్తం వాలు ప్రవాహాన్ని లాగుతుంది. ఆ వాలు 6 మీటర్లైతే, మీటరు వెడల్పూ మీటరు ఎత్తూ ఉన్న గొంతు గుండా, రాపిడి వంటి నష్టాలు తీసివేశాక కూడా, సెకనుకు దాదాపు 7 ఘనమీటర్లు పోతాయి. అలుగు మీద రెండున్నర మీటర్లు లేస్తే తప్ప సాధ్యం కాని పని ఇక్కడ కొద్ది అంగుళాల పెరుగుదలతోనే జరుగుతుంది.

సరళాసాగర్‌ను ఆసియాలో రెండవ సైఫన్ ప్రాజెక్టుగా చెప్పుకోవడం ఆ ప్రాంతంలో పరిపాటి అయింది. ఈ మాటను కొంత సవరించుకోవలసి ఉంది. నేటి ఛత్తీస్‌గఢ్‌లో ధమ్తరి దగ్గరి మురుంసిల్లి ఆనకట్టకు 1923 నాటికే సైఫన్లు ఉన్నాయి. మైసూరు సంస్థానంలో షింషా నది మీది మార్కోనహళ్లి జలాశయమూ, ఇంజనీర్ గణేశ్ అయ్యర్ రూపొందించిన సుడి ఆకారపు సైఫన్లతో శరావతి మీద లేచిన హిరేభాస్కర ఆనకట్టా సరళాసాగర్ శంకుస్థాపనకు ముందువే. రెండవదో నాలుగవదో అన్న లెక్క కన్నా, ఒక చిన్న తెలుగు సంస్థానం అప్పట్లో దేశంలోనే అరుదైన విద్యను కరువు సీమకు తెచ్చుకోగలిగిందన్నదే గర్వించదగిన విషయం.

సైఫన్‌కు లోపాలూ ఉన్నాయి, వాటిని రూపకర్తలు మొదటి నుంచీ ఎరుగుదురు. వాతావరణ పీడనం సుమారు 10.3 మీటర్ల నీటి స్తంభాన్నే నిలపగలదు కనుక గొంతు దగ్గర పీడనాన్ని ఒక హద్దు దాటి తగ్గనివ్వకూడదు. తగ్గితే నీటిలో ఆవిరి బుడగలు పుట్టి కాంక్రీటును తినేస్తాయి. అంతకన్నా ముఖ్యమైనది, అంచనాకు మించిన వరద వచ్చినప్పుడు సైఫన్ చేయగలిగిన సాయం తక్కువ. అలుగు మీద నీటి ఎత్తు రెట్టింపైతే ప్రవాహం దాదాపు మూడు రెట్లవుతుంది, సైఫన్‌లో 6 మీటర్ల వాలు 7 మీటర్లైనా ప్రవాహం 8 శాతమే పెరుగుతుంది. గద్వాలకు చేరువలో కృష్ణ మీద కట్టి 1996లో ప్రారంభించిన జూరాల ప్రాజెక్టుకు తలుపుల వరుస పెట్టడంలోని అర్థం ఇక్కడ తెలుస్తుంది. అక్టోబర్ 2009 నాటి వంటి పెద్ద వరదను తెచ్చే నదికి కావలసింది, వచ్చే నీటిని ముందే లెక్కగట్టి కొంచెం కొంచెంగా వదలగల ఏర్పాటు. వాగు మీది చిన్న జలాశయానికి తగినది పెద్ద నదికి తగదు.

సైఫన్‌ను నడిపించే గాలి సూత్రమే కర్మాగారాల నిల్వ ట్యాంకుల రూపకల్పనలో మరో వైపు నుంచి కనిపిస్తుంది. పెట్రోలు, డీజిల్ వంటివి నిలవ ఉంచే నిలువు ఉక్కు ట్యాంకులకు మన దేశంలో ఐఎస్ 803 అనే ప్రమాణం ఉంది. లోతు పెరిగే కొద్దీ ద్రవపు ఒత్తిడి పెరుగుతుంది గనుక గోడ రేకు మందం అడుగున ఎక్కువగా, పైకి పోయే కొద్దీ తక్కువగా ఉంటుంది. 40 మీటర్ల వ్యాసమూ 12 మీటర్ల నీటి ఎత్తూ ఉన్న ట్యాంకుకు అడుగు వరుస రేకు మందం స్థూలంగా 15 మిల్లీమీటర్లు. లోపలి నుంచి అంత బరువును మోసే ఆ గోడ బయటి నుంచి వచ్చే ఒత్తిడికి ఏమాత్రం ఓర్వలేదు. పై కప్పు మీది గాలి గొట్టం మూసుకుపోయి ఉండగా పంపు ద్రవాన్ని తోడేస్తే, కొద్ది సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానమైన పీడన లోటుకే ట్యాంకు నొక్కుకుపోతుంది. సైఫన్‌కు ప్రాణమైన గాలి వెలితి ట్యాంకుకు మృత్యువు. అందుకే గాలిని పీల్చి వదిలే కవాటాలనూ, ద్రవం హద్దు దాటకముందే హెచ్చరించే పరికరాలనూ, ఒకవేళ ట్యాంకే పగిలితే అందులోనిదంతా పట్టేలా చుట్టూ కట్టే ప్రహరీ కట్టనూ రూపకల్పనలో భాగంగానే లెక్కిస్తారు.

విశాఖపట్నంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలో జరిగిన దుర్ఘటన ఈ లెక్కకు మరో మెట్టు చేర్చింది. స్టైరీన్ అనే ద్రవం వేడెక్కితే దానిలోని అణువులు ఒకదానితో ఒకటి గొలుసులుగా అతుక్కుంటూ ఇంకా వేడిని పుట్టిస్తాయి; ఆ చర్యను అణచే రసాయనం తగినంత లేకపోయినా, చల్లదనం లోపించినా వేడి అదుపు తప్పుతుంది. ఆ ట్యాంకు పేలలేదు. ఆవిరి దాని మీది మార్గాల గుండా బయటికి పోయింది, పోయి పక్కనే ఉన్న వెంకటాపురం మీద కమ్ముకొని 12 మందిని బలిగొంది. ట్యాంకును కాపాడిన దారి ఊరిని కాపాడలేదు.

తిరిగి సరళాసాగర్‌కు వస్తే, దాని కట్ట 2019 డిసెంబర్ 31 ఉదయం తెగింది. అది వానాకాలం కాదు, వరద రోజు కాదు. చాలా ఏళ్ల తరువాత జలాశయం నిండుగా ఉన్న చలికాలపు ఉదయం మట్టి కట్టకు గండి పడి, నీరంతా ఊకచెట్టు వాగులో దిగువనున్న రామన్‌పాడు జలాశయం వైపు దూసుకుపోయింది. కాంక్రీటు సైఫన్లు మాత్రం నిలిచే ఉన్నాయి. అంతకు అరవై ఏళ్ల ముందు రూపకర్తలు దేనికి భయపడి సైఫన్లు కట్టారో, ఆ పైనుంచి పొర్లే ముప్పు వల్ల ఈ నష్టం రాలేదు. మట్టి కట్టలు మరో విధంగానూ చెడతాయి. ఎలుకల బొరియల వెంట, చెట్ల వేళ్లు కుళ్లిన సందుల వెంట, మట్టీ కాంక్రీటూ కలిసే అతుకుల వెంట ఊట మొదలై, నీరు మట్టి రేణువుల్ని మోసుకుపోతూ లోపలే సొరంగం చేసుకొంటుంది. పల్లెల్లో దీన్ని కట్టకు బుంగ పడడమంటారు. చాలా కాలం ఎండి పగుళ్లు తీసిన కట్టకు ఒక్కసారిగా నిండు నీరు తగిలినప్పుడు ఈ అపాయం మరింత ఎక్కువ. వెనుక వాలులో చెమ్మ ఎక్కడ కనిపిస్తోంది, కారే నీరు తేటగా ఉందా బురదగా ఉందా అని రోజూ కట్ట వెంట నడిచి చూసే మనిషి తప్ప దీనికి వేరే కాపలా లేదు. మిగులు నీటిని వదిలే పని నుంచి మనిషిని తప్పించిన సైఫన్ ఈ పని నుంచి అతడిని తప్పించలేదు. కట్టల కాపలా చూసే లష్కర్ల కొలువులు ఖాళీగా ఉంచి కట్టల మీద కంపచెట్లు పెరగనిచ్చిన చోటల్లా ఆ తేడాను మరిచినట్టే.

గండిని పూడ్చాక సరళాసాగర్ మళ్లీ నిండింది, సైఫన్లు మళ్లీ తెరుచుకున్నాయి. అవి తెరుచుకునే తీరులోనే దిగువ వారికి చిక్కు ఉంది. అలుగు మెల్లగా పారడం మొదలుపెట్టి మెల్లగా పెరుగుతుంది, సైఫన్ అందుకుంటే మాత్రం నిమిషాల్లో పూర్తి ప్రవాహానికి చేరుతుంది. అలా వచ్చిన నీటికి మదనాపురం దగ్గర ఊకచెట్టు వాగు మీది కాజ్‌వే మునిగి, కొత్తకోట, ఆత్మకూరు దారిలో రాకపోకలు నిలిచిపోవడం వానాకాలంలో తరచూ జరిగింది. సైఫన్ల మెట్టలను వేర్వేరు ఎత్తుల్లో కట్టి ఒకదాని తరువాత ఒకటి అందుకునేలా చేయడం, మట్టం మెట్టకు చేరువవుతున్నప్పుడే దిగువ ఊళ్లకు సైరన్ వినిపించడం, వాగు దాటే చోట ఎత్తయిన వంతెన ఉండడం అన్నవి జలాశయానికి బయట ఉన్న పనులుగా కనిపిస్తాయి గాని, సెకనుకు ఎన్ని ఘనమీటర్లు వదలాలో లెక్క వేసిన కాగితం మీదనే వాటికీ చోటు ఉండాలి.