అవచి తిప్పయసెట్టి సుగంధవ్యాపారము

కొండవీటి రెడ్డిరాజులలోఁ గుమారగిరి రెడ్డికిఁ గర్పూర వసంతరాయఁడను బిరుదు గలదు. క్రీ. శ. 1386 మొదలు 1402 వఱకు నేలిన యీ రాజు ఏఁటేఁట వసంతోత్సవము జరపి, కర్పూరమును, కస్తూరిని, గంధపుఁబొడిని వెదచల్లించెడువాఁడు. రాజును, బిరుదును మనవారెల్ల నెఱుఁగుదురు. ఆ కర్పూరమును దెచ్చి యిచ్చినవాఁ డెవఁడని యడుగువారు తక్కువ. నా ప్రసంగ మా తెచ్చినవానిఁ గూర్చి.

అతఁడు అవచి దేవయసెట్టి కుమారుఁడైన తిప్పయసెట్టి. శ్రీనాథుని హరవిలాసమునకుఁ గృతిపతి, ఆ కవికి బాలసఖుఁడు. కావ్యావతారికను బట్టి చూడఁగా నీతని బేరము చిన్నది కాదు. పంజారమునుండి కర్పూరము, భోటదేశమునుండి కస్తూరి, గోవనుండి జవ్వాది, చీనానుండి పట్టు, హురుముంజినుండి గుఱ్ఱములు వచ్చెడివి. పంజారమనఁగా సుమత్రాద్వీపమందలి పన్సూరని చరిత్రకారులు తలంతురు. మా వీరులపాటి మెట్టచేలలోఁ బ్రత్తియు మిరపయుఁ బండును గాని యిట్టి వస్తువు లెక్కడ పండును! కవి యతిశయోక్తిని గొంత తీసివైచినను, ఈ పేరుల వెనుక నోడలున్నవి, ఓడలలో మనుష్యులున్నారు.

ఓడ పగిలినచో నొడ్డునఁ బడిన సరకంతయు రాజుపాలగుట పూర్వపు మర్యాద. దానిని మాన్పి, 1244లోఁ గాకతి గణపతిదేవుఁడు మోటుపల్లి రేవున నభయశాసనము వేయించెను. చందనము, కర్పూరము, పన్నీరు మున్నగువానికి సుంకము లందు నిర్ణయింపఁబడినవి. నందిగామ ప్రాంతపుఁ బెండ్లిండ్లలో మనము నేఁటికిని జిలుకరించు పన్నీరే యది. 1358లో ననపోత రెడ్డి వర్తకులకు మరల నభయ మిచ్చెను. ఈ శాసనములు లేకున్నచోఁ దిప్పయసెట్టి తన ధనమును సముద్రమున కొప్పగించియుండునా యని నా సందేహము. వసంతోత్సవపుఁ బరిమళమునకుఁ దొలిమెట్టు సుంకపుఁజావడియే.

ఇఁకఁ గలుపుట. వరాహమిహిరుని బృహత్సంహితలో గంధయుక్తి యను నధ్యాయము గలదు. పదునాఱు ద్రవ్యములను నాలుగేసి చొప్పునఁ గూర్చిన 1820 విధము లేర్పడునని యాతని లెక్క. నేను బడిలో బాలురచే నీ లెక్క చేయించితిని, సరిపోయినది. ఫ్రాన్సుదేశమున గ్రాస్ నగరమందు 1946లో గంధశిక్షణాలయమును నెలకొల్పిన జాఁ కార్ల్ నేర్పినదియు నించుమించుగా నీ త్రోవయే. వెంటనే యెగిరిపోవునవి, కొంత నిలుచునవి, కడపటిదాఁక మిగులునవి యని ద్రవ్యములను వేఱుపఱచి, రెండేసి చొప్పునఁ బాళ్లు మార్చి మార్చి మూర్కొనుట యాయన పద్ధతి. ఆయన పేరు శిష్యులు నిలిపిరి. తిప్పయసెట్టి పేరు కవి నిలిపెను. కొండవీట నా కస్తూరిని నూఱి, కర్పూరముతోఁ గలిపిన చేతు లెవరివో శాసనమునఁ గాని కావ్యమునఁ గాని నాకుఁ గానరాలేదు.