పురుటి నొప్పికి నడుములో సూది

ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ 1847లో కాన్పులకు మొదట ఈథర్‌ను, ఆ ఏడు నవంబరు నుంచి క్లోరోఫాంను వాడి పురుటి నొప్పికి మందు చూపినా, పీల్చిన ఆవిరి తల్లి తెలివిని మసకబార్చడమే కాక మాయను దాటి బిడ్డనూ చేరేది. క్లోరోఫాం వికటిస్తే ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్న వివాదం ఎంత ముదిరిందంటే, దాన్ని తేల్చడానికి 1888, 1889లలో వైద్యుడు ఎడ్వర్డ్ లారీ నిజాం ప్రభుత్వ సాయంతో హైదరాబాదులో రెండు విచారణ సంఘాలు ఏర్పరచి జంతువులపై ప్రయోగాలు జరిపారు. తల్లి మెలకువగా ఉండగానే శరీరంలో కొంత భాగానికే స్పర్శ పోగొట్టే దారి, 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతో కంటికి తిమ్మిరి కలిగించిన తరువాతే తెరుచుకుంది.

కాన్పు నొప్పి ఒకే దారిన మెదడుకు చేరదు. గర్భాశయం బిగిసి దాని ముఖద్వారం తెరుచుకునే తొలిదశ నొప్పి నడుముకు కాస్త పైన వెన్నుపామును చేరే నాడుల ద్వారా పోతే, బిడ్డ యోనిమార్గంలోకి దిగే మలిదశ నొప్పి వెన్ను అడుగున, త్రికాస్థి దగ్గరి నాడుల ద్వారా పోతుంది. పద్ధతుల మంచిచెడ్డలన్నీ దాదాపు ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

వెన్నుపామును కప్పిన డ్యూరా అనే పొరను గుచ్చి, దాని లోపలి ద్రవంలోకే మందు ఎక్కించేది స్పైనల్. 1900లో బాసెల్‌లో ఆస్కర్ క్రైస్ ఆరుగురు గర్భిణులకు కొకైన్‌తో దీన్ని ఇచ్చారు. నొప్పి నిమిషాల్లో తగ్గినా వాంతులు, తలనొప్పి వెంటవచ్చాయి, పైగా ఒక్క మోతాదు ప్రభావం కాన్పు ముగిసేదాకా నిలవదు. డ్యూరాను ముట్టకుండా త్రికాస్థి చివరి రంధ్రం నుంచి మందు పంపే కాడల్ పద్ధతిని 1909లో మార్‌బుర్గ్‌లో వాల్టర్ స్టోకెల్ 141 కాన్పులలో పరీక్షించారు. దాన్ని గంటల తరబడి సాగించే ఉపాయం 1942లో అమెరికాలో రాబర్ట్ హింగ్సన్, వాల్డో ఎడ్వర్డ్స్ చూపారు: వంగే సూదిని లోపలే ఉంచి, రబ్బరు గొట్టం తగిలించి, ప్రభావం తగ్గినప్పుడల్లా మందు నింపేవారు. మలిదశ నొప్పికి ఇది చక్కగా పనిచేసేది గాని, తొలిదశ నాడులదాకా మందు ఎక్కాలంటే చాలా ఎక్కువ పోయవలసి వచ్చేది. సూది దారి తప్పితే కిందికి దిగిన బిడ్డ తలకే గుచ్చుకునే ప్రమాదమూ ఉండేది.

నడుము దగ్గరే డ్యూరా వెలుపల మందు వేస్తే తక్కువతోనే తొలిదశ నాడులు అందుతాయి. నేటి ఎపిడ్యూరల్ ఇదే. స్పెయిన్ సైనిక వైద్యుడు ఫిడెల్ పాహెస్ 1921లో దీన్ని శస్త్రచికిత్సలకు వివరించి, రెండేళ్లకే కారు ప్రమాదంలో మరణించగా, ఆ వ్యాసం చాలాకాలం మరుగున పడింది. 1931లో రుమేనియా వైద్యుడు యూజెన్ అబురెల్ మెత్తని సన్నని గొట్టం ద్వారా పురుటి నొప్పులకు మందు కొనసాగించినా ఆయనకూ రావలసిన పేరు రాలేదు. పద్ధతి నిలదొక్కుకోవడానికి ఒక మంచి సూది కావలసి వచ్చింది: దంతవైద్యుడు రాల్ఫ్ హ్యూబర్ మొన వంచి రూపొందించిన సూదిని ఎడ్వర్డ్ టూహీ స్పైనల్‌కు వాడగా, 1947లో హవానాలో మాన్యువల్ మార్టినెజ్ కుర్బెలో దాని గుండానే ఎపిడ్యూరల్ స్థానంలోకి మూత్రనాళ క్యాథెటర్ పంపారు.

అయితే మందు గాఢంగా వేసిన చోట నొప్పితోపాటు కాళ్ల బలమూ, ముక్కే శక్తీ తగ్గిపోయేవి. 1957లో తయారైన బుపివకైన్ అనే తిమ్మిరి మందును పలచగా వాడితే కండరాలను కదిలించే నాడులకంటే నొప్పి నాడులే ముందు మొద్దుబారతాయని తెలిశాక, దానికి ఫెంటనిల్ అనే నొప్పి తగ్గించే మందును కొద్దిగా చేర్చి మోతాదు తగ్గించే పోకడ మొదలైంది. శతాబ్దం పొడుగునా నొప్పిని ఇంకా గట్టిగా అణచాలన్న తపనకంటే, ఎంత తక్కువ మత్తుతో సరిపెట్టవచ్చో నేర్చుకోవడమే ఎక్కువ మేలు చేసిందనడానికి ఇదే సాక్ష్యం. 2001లో వెలువడిన బ్రిటన్ పరీక్షలో పాత 0.25 శాతం బుపివకైన్ పొందినవారిలో సుమారు 35 శాతం మందికి, పలచని మందు పొందిన రెండు వర్గాలలోనూ దాదాపు 43 శాతం మందికి పరికరాల సాయం లేకుండా యోనిమార్గంలో కాన్పు జరిగింది. ఆ రెండింటిలో ఒక వర్గానికి ముందుగా స్పైనల్ కూడా కలిపి ఇచ్చినా, కాన్పుల తీరులో ఆ కలయిక అదనంగా తెచ్చిన మార్పేమీ లేదు.