గన్‌పార్క్ అమరవీరుల స్తూపం

హైదరాబాద్‌లో శాసనసభకు ఎదురుగా గన్‌పార్క్‌లో నిలిచిన స్తూపం 1969 తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలిచ్చినవారి స్మారకం. బంజారాహిల్స్ నుంచి లక్డీకాపూల్ మీదుగా నాంపల్లి వెళ్లేవారికి దారిలోనే కనిపిస్తుంది. ఇక్కడ ఎవరినీ ఖననం చేయలేదు. ఆ బిడ్డలు ఎక్కడెక్కడో కన్నుమూశారు. వాళ్లందరికీ కలిపి పూలు పెట్టే చోటు మాత్రం ఇదే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడే ముందు, 1956లో, పెద్దమనుషుల ఒప్పందం తెలంగాణకు కొన్ని రక్షణలు కల్పించింది. అవి అమలు కాలేదు. ముల్కీలకు, అంటే స్థానికులకు, దక్కాల్సిన కొలువులు ఇతరులకు పోతున్నాయన్న ఆగ్రహం 1969 జనవరిలో పాల్వంచ, ఖమ్మంలలో రాజుకుని ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పాకింది. ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వం పోలీసు బలగాలను దించి కాల్పులు జరిపించింది. ఉద్యమకారుల లెక్క ప్రకారం 369 మంది చనిపోయారు. ఎక్కువమంది విద్యార్థులు, యువకులు.

1970 ఫిబ్రవరి 23న నగర మేయర్ ఎస్. లక్ష్మీనారాయణ స్తూపానికి శంకుస్థాపన చేశారు. కాల్పులు జరిపించిన ప్రభుత్వమే గద్దె మీద ఉండగా, శాసనసభ ముంగిట ఆ రాయి వేయడం సాహసమే. పని 1975లో పూర్తయింది.

రూపమిచ్చిన శిల్పి ఎక్కా యాదగిరిరావు రాతితోనే ఆ చరిత్ర చెప్పించారు. అడుగున నల్లరాతి పీఠం; దాని నాలుగు వైపులా చెక్కిన చిన్న రంధ్రాలు తూటాల గుర్తులు. తోరణాలు సాంచీ స్తూపాన్ని తలపిస్తాయి. నడుమ ఎర్రరాతి స్తంభం త్యాగానికి చిహ్నం. ఎటునుంచి చూసినా దానిమీద తొమ్మిది గీతలుంటాయి. అప్పటి తెలంగాణ జిల్లాలు కూడా తొమ్మిదే. పదో జిల్లా రంగారెడ్డి 1978లో గానీ ఏర్పడలేదు. పైన ధర్మచక్రం, శిఖరాన తొమ్మిది రేకుల తెల్లని పువ్వు. విగ్రహం లేకుండా, ఒక్క ముఖమూ చెక్కకుండా ఇంత చెప్పగలగడం గొప్ప శిల్పికే సాధ్యం.

ప్రత్యేక రాష్ట్రం కోసం తర్వాత సాగిన మలిదశ ఉద్యమంలో ఊరేగింపులు, దీక్షలు, ప్రమాణాలు ఎన్నో ఇక్కడి నుంచే మొదలయ్యాయి. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడ్డాక హుస్సేన్‌సాగర్ ఒడ్డున, లుంబినీ పార్క్ పక్కన, దీపం ఆకారంలో స్టెయిన్‌లెస్ స్టీల్‌తో అమరవీరులకు మరో స్మారకం కట్టారు. 2023 జూన్ 22న ప్రారంభించారు. అది ఎంతో పెద్దది. అయినా రాష్ట్ర అవతరణ దినాన ముఖ్యమంత్రి నివాళి అర్పించడానికి వచ్చేది గన్‌పార్క్‌కే.