షికారు సామాను ఎవరి నెత్తి మీద?

మూడు నాలుగు రోజుల వేటకు ఏ బ్యాగు కొనాలి, ఎన్ని కిలోలు మోయొచ్చు అని విదేశీ వీడియోలు మీరూ చూసే ఉంటారు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట బంద్. కానీ నిజాం కాలంలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు దొరలో, అధికారులో షికారుకో క్యాంపుకో కదిలితే అసలు బ్యాగు గొడవే లేదు. మూటలు, పెట్టెలు వెట్టివాళ్ల నెత్తికెక్కేవి. బోయలు, బెస్తలు పల్లకీ మోయాలి. కుమ్మరి కుండలివ్వాలి, గొల్లలు గొర్రెనివ్వాలి. కూలా? పైసా లేదు! అసలు షికారు ఖర్చంతా ఊరిదే అంటాను నేను.

వెట్టి వద్దని సర్కారు కాగితం మీద ఉత్తర్వులిచ్చింది లెండి. ఊళ్లో ఎవరు విన్నారు? 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక సంఘం పల్లెపల్లెకూ పాకింది. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ తర్వాత సంఘం బలంగా ఉన్న ఊళ్లలో మూట ఎత్తమంటే ఎత్తే మనిషి దొరకలేదు. మీ ఇంట్లో ముసలివాళ్లుంటే అడగండి, అంతకుముందు మీ ఊళ్లో ఆ మూటలు ఎవరు మోసేవాళ్లో.