అత్త అంటే నాన్న!

స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఊదారంగు తోలు పుటల మీద వెండి, బంగారు సిరాలతో రాసిన ఒక ప్రాచీన బైబిల్ ప్రతి ఉంది. ఆరో శతాబ్దం నాటిది. అంతకు ముందెప్పుడో, నాలుగో శతాబ్దంలో, ఉల్ఫిలా అనే బిషప్ గోతిక్ భాషలోకి చేసిన అనువాదం అది. క్రైస్తవులు నిత్యం చెప్పుకునే పరలోక ప్రార్థన అందులో ‘అత్త’ అనే మాటతో మొదలవుతుంది. మనకు మేనత్తో, పిల్లనిచ్చిన అత్తగారో గుర్తొచ్చే ఆ మాటకు గోతిక్‌లో అర్థం తండ్రి.

టర్కీ వాళ్ల ‘అతా’ కూడా తండ్రే. 1934లో అక్కడి పార్లమెంటు ముస్తఫా కెమాల్‌కు అతాతుర్క్ అని ఇంటిపేరు ఇచ్చింది ఈ మాటతోనే. గోతిక్ ఇండో యూరోపియన్ భాష, టర్కిష్ తుర్కిక్ భాష, మనది ద్రావిడ భాష. ఈ మూడు కుటుంబాలకూ చుట్టరికం ఉందని ఎవరూ రుజువు చేయలేదు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. జార్జియాలో ‘మామ’ అంటే నాన్న, ‘దెద’ అంటే అమ్మ. తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలిలో మామ అంటే అమ్మ, బాబా అంటే నాన్న, దాదా అంటే తోబుట్టువైన ఆడపిల్ల. బెంగాలీలకు దాదా అన్నయ్య. రష్యన్‌లో బాబా అంటే ముసలమ్మ. అరమాయిక్‌లో ‘అబ్బ’ తండ్రి అయితే, రాయలసీమలో తాతను అబ్బ అంటారు. అంతదాకా ఎందుకు, కన్నడిగులకు, తమిళులకు తండ్రి అయిన ‘అప్ప’ మన ఉత్తరాంధ్రలో అక్క!

పసినోటి పలుకులు

ఈ పోలిక ఎక్కడిది? జి.పి. మర్డాక్ అనే మానవశాస్త్రవేత్త ప్రపంచ భాషల నుంచి అమ్మకు, నాన్నకు వాడే 1,072 మాటలు సేకరించాడు. వాటిని ఆధారం చేసుకుని భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ 1960లో ఒక వ్యాసం ప్రచురించాడు. పెదవులు కలిపి విడిచినా, నాలుక పళ్లకు తగిలినా పుట్టే మ, ప, బ, త, ద, న ధ్వనులే పసిపిల్లలకు ముందుగా పట్టుబడతాయి. పాలు తాగే బిడ్డ ముక్కుతో చేసే సన్నని రొదలో ‘మ’ మొలుస్తుందని ఆయన వివరించాడు. ఆ సేకరణలో అమ్మ మాటల్లో 55 శాతం మ, న లాంటి అనునాసికాలున్నవే, నాన్న మాటల్లో అలాంటివి 15 శాతమే. మన ‘నాన్న’ ఆ కొద్దిమందిలో ఒకడు. బిడ్డ అర్థం తెలియకుండా పలికిన అక్షరాన్ని దగ్గరున్న పెద్దలు తమకు చెందినట్టు తీసుకుంటారు. ఏ ఊళ్లో ఎవరు అందుకుంటే వారికి ఆ పిలుపు స్థిరపడుతుంది.

చుట్టరికం తేలేదెలా?

ఈ పోలికలు చూసి పండితులూ తొందరపడ్డారు. సియోల్‌లో ఉన్న అమెరికన్ హోమర్ హల్బర్ట్ 1905లో కొరియన్, ద్రావిడ భాషలను పోలుస్తూ పుస్తకమే వేశాడు. కొరియన్ పిల్లలు నాన్నను ‘అప్పా’ అనే పిలుస్తారు. అయినా ఆ బంధుత్వాన్ని భాషాశాస్త్రం అంగీకరించలేదు.

అంతకు చాలా ముందే మద్రాసులో సరైన దారి పడింది. సెయింట్ జార్జి కోట కళాశాలలో పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతువుల పట్టికను ఈస్టిండియా కంపెనీ అధికారి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ తమిళ, కన్నడ ధాతువుల పక్కన పెట్టి చూశాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ, కన్నడాలకు తోబుట్టువని 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో చూపాడు. తర్వాతివారు ఆ చుట్టరికానికి ధ్వనుల లెక్క కూడా తేల్చారు. కన్నడ కివి మనకు చెవి, కెరె చెరువు, కెడు చెడు. ఇ, ఎ అచ్చుల ముందు అక్కడి ‘క’కారం ఇక్కడ ‘చ’కారమవుతుంది. రక్తసంబంధం బయటపడేది ఇలా క్రమం తప్పని మార్పులోనే.

ఫలానా దేశపు భాషలో మన మాట ఉంది కాబట్టి అది తెలుగు నుంచే పుట్టిందని ఫోన్లలో సందేశాలు తిరుగుతుంటాయి. పదిమందికీ పంపేముందు ఒక్క ప్రశ్న వేయండి: ఆ పోలిక ఒక్క మాటదా, వరుసగా పది మాటలకు వర్తించే సూత్రమా? సూత్రం లేకపోతే చుట్టరికం లేనట్టే. తెలుగు ప్రాచీనతకు శాసనాల సాక్ష్యం దండిగా ఉంది. అరువు చుట్టాలతో దానికి పనిలేదు.