కళ్ళు తిరిగితే శుభవార్తేనా?

మన తెలుగు సినిమాల్లో తరతరాలుగా వస్తున్న దృశ్యం ఒకటుంది. కొత్త కోడలు పని చేస్తూ చేస్తూ కళ్ళు తిరిగి పడిపోతుంది. ఇంట్లో పెద్దావిడో, డాక్టరమ్మో నాడి పట్టుకుని చూసి నవ్వుతుంది. ఆ వెంటనే అందరి నోళ్ళలో మిఠాయి. పడిపోయిన మనిషికి దెబ్బ తగిలిందా, పొద్దుటినుంచి ఏమైనా తిన్నదా, ఒంట్లో రక్తం ఎంత ఉంది అని అడిగేవాళ్ళు ఆ దృశ్యంలో ఉండరు. ఆమె స్పృహ తప్పడం ఆ కుటుంబానికి వారసుడి కబురు అందే పద్ధతి, అంతే.

నాకు ఐదో నెలలో అది జరిగినప్పుడు మిఠాయిలేమీ లేవు. పిహెచ్.డి. చివరి అధ్యాయం కోసం లైబ్రరీలో పాత పత్రికల బీరువాల మధ్య చాలాసేపటినుంచి నిలబడి ఉన్నాను. చెవుల్లో హోరు, చల్లటి చెమట, కళ్ళ ముందు చీకటి. తెలివి వచ్చేసరికి అక్కడ ఊడ్చే ఆమె నా తల ఒళ్ళో పెట్టుకుని కొంగుతో విసురుతోంది. "నాగ్గూడ గిట్లనే అయ్యేదమ్మా. చెప్తె పనిలకెల్లి తీసేస్తరని ఎవ్వరికి చెప్పలె" అంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 గ్రాములు. గర్భిణికి 11 గ్రాములకన్నా తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఫోన్లో అమ్మ మాత్రం, "ఈ మాత్రానికే బెంబేలు పడితే ఎలాగే, ఆడవాళ్ళకి ఇవన్నీ మామూలే" అంది.

కొంతవరకు మామూలే, నిజమే. గర్భంతో ఉన్నప్పుడు రక్తనాళాలు వదులవుతాయి, రక్తపోటు కొంత తగ్గుతుంది. చాలాసేపు నిలబడినా, ఒక్కసారిగా లేచినా, తినకుండా తాగకుండా ఉన్నా తల తిరుగుతుంది. నెలలు నిండుతున్నకొద్దీ వెల్లకిలా పడుకుంటే గర్భాశయం బరువు పెద్ద సిర మీద పడి గుండెకు చేరే రక్తం తగ్గుతుంది. ఎడమ పక్కకి ఒత్తిగిల్లితే తేరుకుంటాం. అయితే ప్రతి మైకమూ అలాంటిది కాదు. నెత్తురు లేక వచ్చే మైకం ఒకటుంది. అది "మామూలు" ఎలా అయిందన్నదే నా ప్రశ్న.

సాహిత్య విద్యార్థిని కాబట్టి ముందు పాటల్లో వెతికాను. మన స్త్రీల రామాయణపు పాటల్లో కౌసల్య వేవిళ్ళు ఉన్నాయి. మగవాళ్ళ కావ్యాలు పట్టించుకోని ఒంటి బాధను ఆడవాళ్ళు పాటగా దాచుకున్నారు. కానీ అవి కోరింది తెచ్చిపెట్టే మనుషులున్న ఇళ్ళ పాటలు. యంత్రం ముందు నిలబడి పనిచేసే గర్భిణి గురించి తెలుసుకోవాలంటే సాహిత్యం దాటి వైద్య చరిత్రలోకి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ నాకు బొంబాయి కనిపించింది.

1920లలో బొంబాయి బట్టల మిల్లుల్లో వేలాదిమంది స్త్రీలు పనిచేసేవారు. వారిలో గర్భిణులకు ప్రాణాంతకమైన రక్తహీనత వస్తోందని మార్గరెట్ బాల్ఫోర్ అనే డాక్టరు గమనించింది. మనదేశంలో మహిళా వైద్య సేవల్లో ఏళ్ళ తరబడి పనిచేసినావిడ. ఆమె ప్రోద్బలంతో 1928లో లండన్ నుంచి లూసీ విల్స్ (1888–1964) వచ్చింది. స్త్రీలకోసం ప్రత్యేకంగా పెట్టిన వైద్య కళాశాలలో చదివి, 1920లో డాక్టరైన మనిషి.

ఈ జబ్బులో ఎర్రకణాలు మామూలుకన్నా పెద్దవిగా, చాలా తక్కువగా ఉంటాయి. ఇనుము తక్కువై వచ్చే రక్తహీనత వేరు, ఇది వేరు. విల్స్ హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తూ ఆ స్త్రీలు ఏం తింటున్నారో లెక్కలు తీసింది. ఆకుకూరలు, పండ్లు, మాంసకృత్తులు బాగా కొరవడిన భోజనం వాళ్ళది. కారణం క్రిమి కాదు, కంచం అని ఆమెకు అర్థమైంది. అప్పటికి తెలిసిన మందు కాలేయపు సారం, ఖరీదైనది. బీరు తయారీలో మిగిలిపోయే ఈస్ట్ నుంచి తీసే మార్మైట్ అనే చవక పదార్థం ఇచ్చి చూస్తే రోగులు కోలుకున్నారు. 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ సంగతి ప్రకటించింది. ఈ పరిశోధన కోసం ఆమె కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ, మద్రాసులో ఈనాటి కస్తూర్బా గాంధీ ఆసుపత్రి అయిన అప్పటి ఘోషా ఆసుపత్రిలోనూ పనిచేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బొంబాయి శాసనమండలిలో మిల్లు స్త్రీలకు ప్రసూతి సహాయం ఇవ్వాలా వద్దా అనే చర్చ నడిచింది. 1928లో అంబేడ్కర్ ఆ బిల్లును సమర్థించాడు. 1929లో చట్టం వచ్చింది. ఒకవైపు ప్రయోగశాల, మరోవైపు చట్టసభ. రెండింటి మధ్యా ఉన్నది ఒకే శరీరం, పనిచేసే గర్భిణిది. ఒకచోట ఆ శరీరానికి తిండి కావాలన్నారు, ఇంకొకచోట విశ్రాంతి కావాలన్నారు. రెండూ కలిస్తేనే వైద్యం అని నాకనిపిస్తుంది.

మార్మైట్‌లో పనిచేసిన ఆ పదార్థాన్ని కొన్నాళ్ళు "విల్స్ ఫ్యాక్టర్" అన్నారు. అదే ఫోలిక్ ఆమ్లం. 1941లో పాలకూర ఆకుల నుంచి వేరుచేసినవాళ్ళు ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఆ పేరు పెట్టారు. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన గురించి మనం గర్వంగా పాఠాలు చెప్పుకుంటాం, చెప్పుకోవలసిందే. కానీ ఆ పాఠాల్లో లూసీ విల్స్ ఉండదు. ఆయన వెళ్ళాక ఇక్కడే ఉండిపోయిన భార్య శేషగిరి ఉండదు. 1948లో చనిపోయేదాకా ఆయన తిరిగి రాలేదు. ఇక ఏ స్త్రీల నెత్తురు చూసి ఈ సంగతి తెలుసుకున్నారో ఆ మిల్లు కార్మికులు ఎక్కడా ఉండరు. వైద్య పత్రికలో వాళ్ళు కేసులు, అంకెలు. వాళ్ళ పేర్లు మనదాకా రాలేదు.

కూనూరులోని ఆ పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలి వచ్చింది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. 1970 నుంచి ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు గర్భిణులకు ప్రభుత్వమే పంచుతోంది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మనదేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉంది. తొంభై ఏళ్ళనాడు కారణం కంచంలో ఉందని తేలినా, ఆ కంచం ఇంట్లో అందరి తర్వాత నిండే కంచంగానే మిగిలిపోయింది. మాత్ర చేతిలో పెట్టగలిగాం. దాన్ని వేసుకుంటే వచ్చే వికారం గురించీ, మలబద్ధకం గురించీ ఆమెతో కూర్చుని మాట్లాడే తీరిక మనకు లేదు. తల తిరిగినప్పుడు కాసేపు ఒరిగే హక్కు కూలిపనిలోనో, ఇంటిపనిలోనో ఆమెకు లేదు.

నేను మాత్రలు వేసుకున్నాను, తిన్నాను, ఎడమ పక్కకి తిరిగి పడుకున్నాను. గడువు పొడిగించమని అర్జీ పెట్టుకుంటే పొడిగించారు. పాప పుట్టింది, సిద్ధాంత వ్యాసమూ పూర్తయింది. నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకున్న ఆమెకు ఇవేవీ లేవు. ఆమె ముగ్గురు బిడ్డల్ని కన్నది. మూడుసార్లూ ఊడుస్తూనే ఉందట. తన రక్తం ఎన్ని గ్రాములో ఈనాటికీ ఆమెకు తెలియదు.

అమ్మతో తర్వాత ఒకరోజు ఈ చరిత్రంతా చెప్పాను. చాలాసేపు ఊరుకుని, "నువ్వు కడుపులో ఉన్నప్పుడు బావి దగ్గర రెండుసార్లు పడ్డాను, ఎవరితోనూ అనలేదు" అంది. ముప్పై ఏళ్ళ తర్వాత మొదటిసారి ఆ మాట ఆమె నోటినుంచి వచ్చింది. ఆ రెండుసార్ల గురించి ఇప్పుడు వివరంగా అడిగి రాసుకుంటున్నాను. మీ ఇళ్ళలోనూ అమ్మల్ని, అత్తల్ని, పనికొచ్చే ఆమెను అడగండి.