కారెంపూడి చాప, ఢిల్లీ కప్పు

ఢిల్లీలో 2023 మే 28న ప్రారంభమైన కొత్త పార్లమెంటు మూడు మూలల భవనం. లోక్‌సభకు నెమలి అలంకారం, రాజ్యసభకు తామర. రాజస్థాన్ ఇసుకరాయి, నాగ్‌పూర్ టేకు, మీర్జాపూర్ తివాచీలు, త్రిపుర వెదురు తెప్పించి దేశాన్నంతా ఒక కప్పు కిందికి చేర్చామన్నారు కట్టినవారు. ఆ కోరికను తప్పుపట్టలేం. కానీ సరుకంతా ఒకచోటికి చేరినంత మాత్రాన మనుషులు ఒకచోటికి చేరినట్టేనా? సభలో ఐక్యత ఉందా లేదా అన్నది ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్న దాన్నిబట్టి తేలుతుంది. ఆ సంగతి తేల్చిచెప్పే పాఠం పల్నాటి గురజాల, మాచర్లల పాత పగలో ఉంది.

ముందు పాత భవనం సంగతి చూద్దాం. హెర్బర్ట్ బేకర్, ఎడ్విన్ లుట్యెన్స్ రూపొందించిన ఆ గుండ్రటి కట్టడానికి 1921లో శంకుస్థాపన జరిగింది, 1927 జనవరిలో ప్రారంభోత్సవం. చుట్టూ 144 స్తంభాలు, ఎటునుంచి చూసినా ఒకటే రూపు. లోపల మాత్రం మూడు వేరువేరు సభామందిరాలు: కేంద్ర శాసనసభకు ఒకటి, కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌కు ఒకటి, సంస్థానాధీశుల నరేంద్రమండలికి ఒకటి. బయటి వలయం ఏకత్వం చాటుతుంటే లోపలి గోడలు అంతరాలను కాపాడాయి. ఆ కట్టడానికి ప్రాణం పోసింది నడుమనున్న సెంట్రల్ హాలు. 1946 డిసెంబరు నుంచి రాజ్యాంగ సభ కొలువుతీరింది అక్కడే. తర్వాత దశాబ్దాలపాటు ఉభయసభల వాళ్లూ, సభలో కత్తులు దూసుకున్న పార్టీల వాళ్లూ, సీనియర్ విలేకరులూ కాఫీ తాగుతూ మాట్లాడుకున్నదీ అక్కడే. కొత్త భవనంలో లోక్‌సభకు 888, రాజ్యసభకు 384 సీట్లున్నాయి. ఉమ్మడి సమావేశానికి లోక్‌సభలోనే 1,272 మంది పడతారు గనక అలాంటి హాలు వేరే కట్టలేదు. లెక్క సరిపోయింది. అయితే ఉభయసభలూ కలిసి కూర్చునేది ఏడాదికి ఏ ఒకటి రెండుసార్లో. పక్కపక్కన కూర్చుని కాఫీ తాగడం రోజూ జరిగే పని.

ఇక పల్నాడు. పన్నెండో శతాబ్దంలో ఇక్కడి రాజ్యం రెండు ముక్కలై, చివరికి యుద్ధానికి దిగింది: గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. మాచర్ల పక్షాన నిలిచిన బ్రహ్మనాయుడి పేరుతో ముడిపడిన చెన్నకేశవస్వామి గుడి ఆ ఊళ్లో నేటికీ ఉంది. అయినా బ్రహ్మనాయుడనగానే జనం నోట వచ్చే మొదటి మాట చాపకూడు. కులం అడగకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడనీ, మాల కులస్థుడైన కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనకు నాయకుణ్ణి చేశాడనీ కథ. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నాడు మొదలై అయిదు రోజులు సాగే వీరారాధనకు ఆచారవంతులు ఆ యుద్ధ వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకుని ఊళ్లనుంచి వస్తారు, నాగులేటిలో వాటికి స్నానం చేయిస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకో పేరు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. స్తంభమూ శిల్పమూ లేకుండా, పరిచి చుట్టేసే చాప ఒక్కటే ఇన్ని వందల ఏళ్లు ఒక భావాన్ని మోసుకొచ్చింది.

ఇదంతా కథ, చరిత్ర ఎలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. నిజమే, శ్రీనాథుడిదని చెప్పే ద్విపద కావ్యం యుద్ధం జరిగిన రెండు శతాబ్దాలకు పైగా గడిచాక పుట్టింది. మిగిలింది వీరవిద్యావంతుల పాట. యుద్ధం వివరాలను శంకించవచ్చు. కానీ ఒక ప్రాంతం తన గొప్పతనానికి గుర్తుగా కోటనో కిరీటాన్నో కాక చాపను ఎంచుకున్నదన్నది కళ్లెదుటి వాస్తవం. ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది: ఆ చాప యుద్ధాన్ని ఆపలేదు కదా? ఆపలేదు. ఎందుకంటే దాన్ని పరిచింది ఒక పక్షంలోనే. కోడిపందెంలో ఓడి మలిదేవాదులు ఏడేళ్లు వలస వెళ్లారు. గడువు తీరాక వారి తరఫున రాజ్యం అడగడానికి వచ్చిన అలరాజు చంపబడ్డాడు. గురజాల కొలువులో మంత్రాంగం నడిపిన నాయకురాలు నాగమ్మకు ఆ చాప మీద చోటు లేదు, కథలోనూ ప్రతినాయిక స్థానమే దక్కింది. కులాల గోడ దాటిన పంక్తి పక్షాల గోడ దాటలేకపోయింది. గురజాల వైపు నుంచి చదివితేనే ఈ లోపం కనబడుతుంది.

అంతమాత్రాన చిహ్నాలు వద్దనడం లేదు. సభలోకి ఎన్నడూ అడుగుపెట్టలేని మనిషికి గోడా గోపురమే చట్టసభ ముఖం. అమరావతి శాసనసభకు నార్మన్ ఫోస్టర్ సంస్థ నమూనాలు గీస్తున్నప్పుడు, 2017లో, దర్శకుడు రాజమౌళి సెంట్రల్ హాల్లో తెలుగుతల్లి విగ్రహం మీద సూర్యకిరణాలు పడే ఏర్పాటు సూచించింది అందుకే. అది చూడముచ్చటైన ఊహే. అదే ఏడాది మార్చి నుంచి వెలగపూడి తాత్కాలిక భవనంలో సభ నడుస్తోంది. అక్కడ 2017లో ఒక ప్రతిపక్షం సభను బహిష్కరించింది. 2021లో మరో ప్రతిపక్ష నేత శపథం చేసి బయటికొచ్చారు. 2024 తర్వాత బహిష్కరణ మళ్లీ మొదటి పార్టీ వంతైంది. ఎదుటి పక్షం కుర్చీలు ఖాళీగా ఉన్న సభలో కిరణం ఏ విగ్రహం మీద పడితేనేం? కొత్త సభను గీసేవాళ్లు మొదట గీయాల్సింది రెండు పక్షాలూ కలిసి తినే, తాగే, మాట్లాడుకునే చోటు. కారెంపూడిలో పోరు పేరున్న రోజునే చాప పరుస్తారు. ఈసారి దాన్ని గురజాల వైపుకూ పరవాలి.